తొమ్మిదో నంబరు బూట్లు

మైథిలి రెండోసారి వచ్చిన రోజు ఫరీదాబాద్‌లో ఎండ పొడ లేదు. జనవరి నెల. అనసూయ మంచం మీద పాత హిందీ పేపరు పరిచి మెంతికూర తెంపుతోంది. ఆ పిల్ల రజాయి కాళ్ల మీదికి లాక్కుని, లాప్‌టాప్ తెరిచి, "ఆంటీ, ఇవాళ ఒక కాగితం చదివి వినిపిస్తాను. వినలేకపోతే ఆపమనండి" అంది.

"సదువు బిడ్డా. నాకేమైతది" అంది అనసూయ.

మర్యాదకి అన్న మాట కాదది. తమ్ముడు ఓదెలు పోయి పాతికేళ్లు. మొదటి ఏడాది ఏడ్చింది. తర్వాత ఏడుపు దానంతటదే రావడం మానేసింది. దాంతోపాటు ఇంకా ఏవేవో రావడం మానేశాయి. కూతురు కిరణ్మయికి గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చిందన్న రోజు కూడా, వీధిలో అందరికీ లడ్డూలు పంచి వచ్చి, సంతోషం ఎక్కడుందా అని లోపల వెతుక్కుంది. కనబడలేదు. సరేలే అని గిన్నెలు తోముకుంది.

మైథిలిది గుంటూరు. ఢిల్లీలో పెద్ద చదువు చదువుతూ రైతుదండు మీద పుస్తకం రాస్తోంది. ఆ పిల్ల వచ్చేదాకా రైతుదండుకి ఒక చరిత్ర ఉందని అనసూయకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా రాత్రి అన్నం తిని పడుకున్న తమ్ముడు పొద్దున్నకి లేడని, అడవిలోకి పోయాడని. మైథిలి చెప్పిందాన్ని బట్టి, రైతుదండు మొదట ఒక పెద్ద పార్టీలో భాగం. భూములు ముందా, తుపాకులు ముందా అని వాళ్లలో వాళ్లకి మాటామాటా పెరిగి, ముప్పై రెండు మంది పదకొండు తుపాకులతో విడిపోయి గోదావరి పక్క అడవుల్లో వేరే కుంపటి పెట్టుకున్నారు. తునికాకు కట్టకి రేటు పెంచించారు. దొర ఆక్రమించుకున్న చెలకల్లో ఎర్రజెండాలు పాతారు. మూడేళ్లలో తొంభై మంది అయ్యారు. ఆ తర్వాత ఒకవైపు పోలీసులు, ఇంకోవైపు పాత పెద్ద పార్టీ. సగం మంది పోయాక మిగిలిన సగానికి ఒకరిని చూస్తే ఒకరికి అనుమానం పుట్టింది. రెండేళ్లలో తమవాళ్లనే ఏడుగురిని కోవర్టులని, అంటే పోలీసులు పెట్టిన మనుషులని చంపుకున్నారు. చివరికి మిగిలిన పద్నాలుగు మంది తుపాకులు అప్పజెప్పి ఇళ్లకి పోయారు. పదమూడేళ్లు బతికిన పార్టీ అది.

ఆ ఏడుగురిలో నాలుగోవాడు ఓదెలు.

పుస్తకం చివర పేర్ల పట్టీలు రెండు ఉంటాయని మైథిలి మొదటిసారి వచ్చినప్పుడే చెప్పింది. ఒకటి అమరులది, అరవై ఒక్క పేర్లు. రెండోది ద్రోహులని శిక్షించినవాళ్లది, ఏడు పేర్లు. అనసూయ ఆ రోజు ఆ పిల్లని ఒక్కటే అడిగింది. "మా తమ్ముని పేరు ఆ రెండో దాంట్లకెల్లి తీసేయ్ బిడ్డా. అమరుల్ల పెట్టకున్నా మంచిదే. అండ్లకెల్లి తీసేయ్."

"ఆధారం లేకుండా తీయలేను ఆంటీ. అతను కోవర్టు కాదని ఎవరైనా చెప్పాలి. లేదా ఏదైనా కాగితం దొరకాలి."

ఊరిబయట రైతుదండు కట్టిన అమరుల స్తూపం మీద ఓదెలు పేరు ఎక్కలేదు. అప్పటినుంచి వాళ్లమ్మ ఆ దారి నడవడం మానేసింది. పొలానికి వాగు చుట్టూ తిరిగి పోయేది. మైలు దూరం ఎక్కువ. మోకాళ్లు పోయాక కూడా అట్లాగే పోయింది. దండకడియం తీసేటప్పుడు, పొయ్యి ఊదేటప్పుడు, ఒక్కర్తీ ఉన్నప్పుడల్లా ఒకటే మాట అనేది: "వాన్ని అన్యాలం జేసినోళ్ల చేతులు వడిపోను." ఆ మాట అంటూనే పోయింది.

ఇప్పుడు కాగితమైతే దొరికింది. ఓదెలుని శిక్షించాలని రైతుదండు కమిటీ చేసిన తీర్మానం. మైథిలి మెల్లగా చదివింది.

"ఒకటి. ఈ కామ్రేడ్ అనుమతి లేకుండా రెండు రోజులు దళాన్ని విడిచి వెళ్లాడు. రెండు. వాగు దగ్గర దాడిలో ఇతనొక్కడే దెబ్బ తగలకుండా బయటపడ్డాడు. మూడు. శత్రుబలగాలు వాడే బూట్లు ఇతని కాళ్లకి ఉన్నాయి. రెండు బూట్ల నాలుకలకీ గుర్తుగా రంధ్రం ఉంది. ఎక్కడివని అడిగితే పొంతన లేని జవాబులు చెప్పాడు. కావున..."

అక్కడ ఆపింది. అనసూయ చేతులు ఆగలేదు. కట్ట అయిపోయింది. రేపటికని పక్కన పెట్టిన రెండో కట్ట తాడు విప్పి అది కూడా తెంపడం మొదలుపెట్టింది.

"బూట్ల సంగతి మీకేమైనా తెలుసా ఆంటీ? నాకు అది ఒక్కటే అర్థం కావట్లేదు."

"నాకెర్కలేదు బిడ్డా."

మైథిలి చాయ్ తాగి మెట్రోకి వెళ్లిపోయింది. మార్చిలో పుస్తకం అచ్చుకి పోతుందని గుమ్మంలో మళ్లీ గుర్తు చేసింది.

అనసూయకు ఎరుకే.

ఆమె పెళ్లయి ఫరీదాబాద్ వచ్చి ముప్పై మూడేళ్లు. భర్త సదానందం బూట్ల కార్ఖానాలో చేసేవాడు. అడవుల్లో తిరిగే పోలీసు బలగాలకి బూట్లు కుట్టే కార్ఖానా అది. తనిఖీ సెక్షన్లో అతని పని. కుట్టు ఒక్క పోగు తప్పినా ఆ జత సర్కారు తీసుకోదు. తీసుకోని జత పొరపాటున మళ్లీ మంచివాటిలో కలవకుండా, లేసుల కింద ఉండే తోలు నాలుకకి మిషన్‌తో టక్కున ఒక రంధ్రం కొడతారు. చిటికెన వేలు పట్టేంత. రంధ్రం పడ్డ జత ఇక పోలీసులకి పోదు. పనివాళ్లే ఇళ్లకి తీసుకుపోతారు. ఆ వీధిలో పాలవాడి నుంచి పూజారి దాకా చలికాలంలో రంధ్రం బూట్లే.

కిరణ్మయి కడుపులో ఉండగా ఆమె బతుకమ్మకి ఊరికి పోయింది. మేనమామ పత్తిచేలో ఒక సాయంత్రం ఓదెలు వచ్చి కలిశాడు. అరగంట. పొట్టివాళ్ల ఇంట్లో ఒక్కడే తాడిలా పెరిగాడు. అప్పటికి మరీ సన్నబడ్డాడు. గుడ్డ బూట్లకి సుతిలి తాడు చుట్టుకున్నాడు. మడమలు గోరు పట్టేంత పగిలి ఉన్నాయి.

"ఏం తింటున్నవ్‌రా?"

"దొరికింది తింటున్నం."

"కాళ్లేంది గట్లయినయ్?"

"ఢిల్లీలనే ఉన్నవ్ గదనే అక్కా. ప్రధానమంత్రి ఏడన్న కలిస్తె అను, మా తమ్మునికి కాళ్లు పలిగినయ్, జర మలాము పంపుమని." నవ్వాడు. చివరగా చూసిన నవ్వు అదే.

ఆమె ఫరీదాబాద్ తిరిగి వచ్చాక సదానందంతో, "నాయనకు పొలం పనికి ఓ జత తెండ్రి. తొమ్మిదో నంబరు" అంది. తెచ్చాడు. పురుటికి వచ్చిన అమ్మ తిరిగి వెళ్లేటప్పుడు ఆమె సంచిలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. అమ్మ వాటిని ఊరిదాకా మోసింది. ఊరినుంచి మేనమామ ఇంటికి, అక్కణ్నుంచి పత్తిచేను గట్టుకి, తన చేతులతోనే మోసింది.

ఎనిమిది నెలలకి ఓదెలుని చంపారు.

కాగితం విన్న తర్వాత వారం రోజులు అనసూయ ఎవరితోనూ ఏమీ అనలేదు. పొద్దున్నే పాలు కాచింది. రొట్టెలు ఒత్తింది. కిరణ్మయి ఆదివారం వచ్చి, "మమ్మీ, క్యా హువా, చుప్‌చాప్ క్యూఁ హో?" అని ఎందుకు మాట్లాడడం లేదో అడిగితే, "చలి బిడ్డా" అంది. ఆ పిల్లకి ఒక మేనమామ ఉండేవాడని ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి?

బాల్కనీలో కూలర్ వెనకాల సదానందం పాత జత ఒకటి ఉంటుంది. కూలర్ కడిగేటప్పుడు, మొక్కల మట్టి తవ్వేటప్పుడు తొడుక్కుంటాడు. అనసూయ ఎనిమిదో రోజు పొద్దున దాన్ని చేతిలోకి తీసుకుంది. లేసులు విప్పి నాలుక బయటికి లాగింది. రంధ్రంలో చిటికెన వేలు పెట్టి చూసింది. పట్టింది. లేచి మైథిలికి ఫోన్ చేసింది.

"ఆ కాగితం మీద సంతకాలు వెట్టినోళ్లల్ల ఎవరన్న బతికున్నరా బిడ్డా?"

"ఒక్కరున్నారు ఆంటీ. లక్ష్మీనారాయణ గారని, అప్పటి ఏరియా కార్యదర్శి. ఇప్పుడు పెద్దపల్లి వైపు వ్యవసాయం చేసుకుంటున్నారు. వచ్చే బుధవారం రైతుల ధర్నాకి ఢిల్లీ వస్తున్నారు. మధ్యాహ్నం అశోకా రోడ్‌లో తెలుగు భోజనశాల దగ్గర కలుద్దామన్నారు. మీరు వస్తారా?"

"వస్త."

బుధవారం నాడు ఒక బూటుని గుడ్డసంచిలో వేసుకుని మెట్రో ఎక్కబోతే, సంచులు తనిఖీ చేసే మిషన్ దగ్గర పోలీసు పిల్లవాడు తెరమీద చూసి తల గోక్కున్నాడు. "ఆంటీజీ, జూతా ఏక్ హీ హై?" అని ఒక్క బూటే ఎందుకుందో అడిగాడు.

"హాఁ భయ్యా. ఏక్ హీ."

"దూస్రా?"

"ఘర్ మే." రెండోది ఇంట్లో ఉందనేసరికి అతను భుజాలెగరేసి పోనిచ్చాడు. జన్‌పథ్‌లో దిగి ఆటో ఎక్కింది.

భోజనశాల కిటకిటలాడుతోంది. బల్లల మధ్య వడ్డించేవాళ్లు పప్పు బకెట్లతో పరుగులు తీస్తున్నారు. మూల బల్ల దగ్గర మైథిలి, పక్కన మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన. చొక్కాకి ధర్నా బ్యాడ్జీ. అడవుల్లో తుపాకీ పట్టుకుని తిరిగిన మనిషిలా లేడు, మనవడి ఫీజు కట్టడానికి వచ్చిన తాతలా ఉన్నాడు. అన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుంటూ హుషారుగా ఉన్నాడు.

"రా చెల్లె, కూసో. నిజం జెప్పాల్నంటె నేను ధర్నాకు రాను, గీ పప్పుకు వస్త ఢిల్లీకి" అని, వడ్డించే అతన్ని పిలిచి, "తమ్మీ, అమ్మకు విస్తరి వెయ్యి" అన్నాడు.

మైథిలి గొంతు తగ్గించి చెప్పింది. "సార్, ఈమె ఓదెలు గారి అక్కయ్య."

ఆయన చెయ్యి అన్నంలోనే ఆగింది.

"తిట్టాల్నంటె తిట్టు చెల్లె. చానమంది తిట్టిన్రు. అలవాటైంది."

"తిట్టేతందుకు రాలే అన్నా. ఒక్కటి అడగాలె. బూట్లు ఏడియని అడిగితె వాడేమన్నడు?"

"ఫస్టు జగిత్యాల అంగట్ల కొన్న అన్నడు. మనిషిని తోలినం. అంగట్ల గసొంటియి లేనేలేవన్నడు ఆ పోయినోడు. మల్ల అడిగితె, తొవ్వల దొరికినయ్ అన్నడు. మూడోపారి అడిగితె నోరు మూసుకున్నడు. ఇగ విప్పలే." ఆయన నీళ్లు తాగాడు. "నోరు మూసుకునుడే మాకు రుజువైంది."

"కొట్టిన్రా?"

ఆయన విస్తరి ఆమె వైపు జరిపాడు. "పప్పు కలుపుకో చెల్లె, సల్లారుతది" అన్నాడు.

అనసూయ సంచిలోంచి బూటు తీసి విస్తరి పక్కన పెట్టింది. వడ్డించే అతను సాంబారు గరిటెతో అట్లాగే నిలబడిపోయాడు. "అమ్మా! భోజనం బల్ల మీద బూటేంటండీ! కింద పెట్టండి, పక్కవాళ్లు చూస్తే గొడవ చేస్తారు!"

"తీస్తున్న అయ్యా, తీస్తున్న." ఒళ్లోకి తీసుకుంది. నాలుక బయటికి లాగి ముసలాయన వైపు తిప్పింది. "గిది సూడు అన్నా. గీ పొక్క. వాని బూట్లకున్నది గిదే పొక్కనా?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. వంగి చూశాడు. "ఇదే."

"మా ఆయన గా బూట్ల కార్ఖానల చేసిండు. పోలీసోళ్ల బూట్లకు పొక్క ఉండది అన్నా. కుట్టు తప్పి, పోలీసోళ్లు వద్దన్నయాటికే పొక్క కొడ్తరు, మల్ల వాళ్లకు పోకుంట. వాడు తొడుక్కున్నది పోలీసోళ్ల బూటు గాదు. పోలీసోళ్లు కాదన్న బూటు. నేను పంపిన. కాళ్లు పలిగినయని వాని అక్కగ నేనే పంపిన."

గట్టిగా అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. మైథిలి పెన్ను పట్టుకుని రాయకుండా ఉండిపోయింది.

ముసలాయన బూటుని తన చేతుల్లోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూ ఉన్నాడు. "రెండు దినాలు కూసోని మాట్లాడినం ఈ పొక్క గురించి" అన్నాడు చివరికి. "దీంట్ల ఏదో మిషన్ పెడ్తరని ఒకడన్నడు. ఎదురైతె కాల్చకుంట తమ మనిషని గుర్తువట్టేతందుకని నేనే అన్న. నేనే. పేరుకు కూలోళ్ల పార్టీ, కార్ఖానోళ్ల పార్టీ. కార్ఖాన లోపట ఎట్లుంటదో సూసినోడు మా అందర్ల ఒక్కడు లేకపాయె."

"మరి వాడెందుకు చెప్పలే అన్నా? అక్క పంపిందంటె అయిపోతుండె గద."

"అయిపోకపోతుండె చెల్లె. చెప్పకుంట ఇంటోళ్లను కలిసిండని ఒక తప్పు. అక్క మొగడు పోలీసు బూట్లు కుడ్తడంటె, అప్పటి మా బుద్ధికి ఇల్లిల్లంత కోవర్టనేటోళ్లం. నీ దాక వచ్చేటోళ్లం. వానికి ఎర్కే. మమ్ములను నాలుగేండ్లసంది సూస్తున్నడాయె."

అనసూయ తల ఊపింది. ఎవరో వీధి పేరు చెప్తే విన్నట్టు. విస్తరిలో అన్నం మీద నెయ్యి గడ్డకట్టింది.

మైథిలి అడిగింది. "సార్, ఇదంతా మీరు చెప్పినట్టు రాయొచ్చా?"

"పార్టీ తప్పు జేసిందని రాయి. నా పేరు రాయకు. కొడుకు సర్కారు నౌకరీల ఉన్నడు. మనుమరాలికి సంబంధాలు సూస్తున్నం."

"ఎవరూ పేరుతో చెప్పకపోతే ఆధారంగా నిలవదు సార్."

"నా పేరు రాయి" అంది అనసూయ.

"ఆంటీ, ఒక్కసారి ఆలోచించండి. అంకుల్‌కి తెలుస్తుంది, మీ బంధువులంతా చదువుతారు. ఆయన మీవల్లే పోయారని ఎవరో ఒకరు అంటారు."

"అననీ. గది అబద్ధమా? ఓదెలు అక్క అనసూయ పంపింది అని రాయి. అమ్మ మోసిన ముచ్చట మాత్రం రాయకు. ఆమె పోయింది."

లేచేటప్పుడు అనసూయ ముసలాయన్ని ఇంకొకటి అడిగింది. ఊరిబయట స్తూపం మీద ఒక పేరు చెక్కాలంటే ఎవరిని అడగాలి అని.

"స్తూపం ఏడిది చెల్లె? రోడ్డు వెడల్పు జేసినప్పుడు తీసేసిన్రు. పన్నెండేండ్లాయె. ఇప్పుడాడ పెట్రోలు బంకు ఉన్నది."

పన్నెండేళ్లు. అమ్మ పోయి పదేళ్లు. అంటే ఆఖరి రెండేళ్లు ఆమె అక్కడ లేనిదాన్ని తప్పించుకోవడానికి వాగు చుట్టూ తిరిగింది. ఎవరూ చెప్పలేదు. అమ్మ ఎవరినీ అడగలేదు కూడా. ఊరికి పోయినప్పుడు అనసూయా ఆ దారి తొక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి సదానందం బాల్కనీలో ఒంటి బూటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "రెండోది ఏడవాయెనే? కుక్క గిట్ల ఎత్కపోయిందా?"

ఆమె సంచిలోంచి రెండోది తీసి ఇచ్చి, జరిగిందంతా చెప్పింది. నిలబడే చెప్పింది. అతను వింటూ కూలర్ స్టాండు మీద కూర్చున్నాడు. కింద గ్యాస్ సిలిండర్ల బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు.

"మీ నాయనకు ఏడో నంబరు" అన్నాడు. "పెండ్లికి నేనే కొన్న ఆయన చెప్పులు. నువ్వు తొమ్మిదంటె గప్పుడే నాకెర్కైంది ఎవరికో. అడుగలే."

అనసూయ అతని వైపు చూసింది.

"అందుకే ఏరి తెచ్చిన. ఉన్నదాంట్ల మంచిది. మడమ కాడ ఒక్క పోగు తప్పింది, గంతె. పొక్క కొట్టకుంటనే తెద్దామనుకున్న. దొంగతనమైతదని..." చేతిలో ఉన్న బూటు నాలుకని బొటనవేలితో లోపలికి నొక్కుతూ ఉండిపోయాడు.

ఆమె లోపలికి పోయి చాయ్ పెట్టింది. ఇద్దరూ తాగారు.

మార్చి మొదటి వారంలో మైథిలి పుస్తకం చివరి పేజీల ఫోటోలు ఫోన్‌కి పంపింది. కిరణ్మయికి తెలుగు చదవడం రాదు. సదానందానికి కళ్లజోడు దొరకలేదు. అనసూయ చదివింది అయిదో తరగతి. పేజీని వేళ్లతో పెద్దది చేసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. రెండో పట్టీలో ఏడు పేర్లు కాదు, ఆరు. ఓదెలు పేరుకి వేరే పేజీ ఉంది. 'తప్పుడు ఆరోపణతో చంపబడినవారు' అని పైన. కింద ఒక్క పేరే. దాని కింద బూట్ల సంగతి, అక్క అనసూయ చెప్పిన ప్రకారం అని.

ఏడుపో సంతోషమో వస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు. మళ్లీ రెండో పట్టీకి వెళ్లి ఆ ఆరు పేర్లూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. ఆరో పేరు ఒక ఆడమనిషిది. పక్కన వయసు పంతొమ్మిది అని ఉంది.

మైథిలికి ఫోన్ చేసింది. ఆ పిల్ల ఆత్రంగా ఎత్తింది. "చూశారా ఆంటీ? మీరు అడిగినట్టే తీసేశాను. సరిగ్గా ఉందా?"

"ఉన్నది బిడ్డా. సల్లగుండు. ఈ ఆరుగురి ఇండ్లకు పోయినవా నువ్వు?"

"రెండిళ్లకి వెళ్లాను. మిగతా నలుగురివాళ్లు ఎక్కడున్నారో తెలియలేదు. ఊరి పేర్లు మాత్రం కాగితాల్లో ఉన్నాయి."

"ఆ ఊర్లు మా దిక్కుయే గద. మా సుట్టాలు ఎవరో ఒకరు ఉంటరు, వాళ్ల ఇంటోళ్లను ఎతికి అడుగుతరు. చెప్పు, రాసుకుంట."

"ఇప్పుడా ఆంటీ? పుస్తకం ఎల్లుండి అచ్చుకి..."

"ఎల్లుండి దాక ఉన్నది గద. చెప్పు."

మంచం మీద పరిచిన హిందీ పేపరు అంచున తెల్లగా ఉన్న చోటు చూసుకుని, కిరణ్మయి పాత పెన్సిలు పట్టుకుంది. మైథిలి మొదటి ఊరి పేరు చెప్పింది. అనసూయ రాయడం మొదలుపెట్టింది, లావుపాటి అక్షరాలతో, ఒత్తుల దగ్గర ఆగి ఆగి.